దానయ్య కోడిపిల్లలకి కారం పట్టించిన వైనం

దానయ్య ఇంకొకళ్ళకి టీ ఇప్పించాడంటే ఎక్కడో ఏదో మాడుతోందనే అర్థం. ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. అందుకే ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, ఇరవై రోజుల పాటు అద్దంకి అవతల మిరపకాయలు కోసి కోసి ట్రక్కు ఆటో దిగిన పుల్లమ్మకి, సర్దార్‌బీ టీ కొట్టు బల్ల మీంచి దానయ్య వేసిన కేక వినగానే గుండె గుభేలుమంది.

"రా చెల్లెమ్మా, రా! సర్దార్‌బీ, మా పుల్లమ్మకి అల్లం దంచి మంచి టీ ఒకటి పెట్టు. నేనిస్తాలే!"

పుల్లమ్మ బట్టల మూట బల్ల కింద పెట్టింది గానీ కూర్చోలేదు. దానయ్య ఇల్లు టీ కొట్టు వెనకే. ఆ దడి అవతల ఆమె ప్రాణాలు తొమ్మిది ఉన్నాయి. మూడు నెలల కోడిపిల్లలు, తొమ్మిదీ పెట్టలే. నిరుడు తెగులొచ్చి ఉన్న కోళ్ళన్నీ రెండ్రోజుల్లో తుడిచిపెట్టుకుపోయాక, మళ్ళీ గుడ్లు సంపాదించి, పొదిగించి, గద్దల నోటా పిల్లుల నోటా పడకుండా పెంచుకొచ్చిన పిల్లలవి. వచ్చే వారం కూతురు జెస్సీకి ఏడో నెల, కాన్పుకి పుట్టింటికి తీసుకురావాలి. పిల్లకి రక్తం లేదు, రోజూ ఒక గుడ్డు పెట్టమని నర్సమ్మ గట్టిగా చెప్పింది. కూలి డబ్బులు ఆస్పత్రికి దాచుకుంటే, గుడ్డు ఇంట్లోంచే రావాలి. ఇప్పుడు కాకపోయినా కాన్పు నాటికి ఆ తొమ్మిదీ గుడ్లకొస్తాయని పుల్లమ్మ వేళ్ళు మడిచి రోజులు చూసుకుంటోంది.

ఇంట్లో ఇంకో మనిషి లేక, పనికి పోతూ వాటిని దానయ్యకి అప్పగించింది. అతనికి గూడుంది, దడి ఉంది, ఏడు పెట్టలూ ఒక పుంజూ ఉన్నాయి. "అన్నా, పాత కోళ్ళకి కొత్త మొహాలు పడవు. వారం రోజులు నా పిల్లల్ని గంప కిందే ఉంచు. నీ కోళ్ళకి కనపడాలి, అందకూడదు. ఆ తర్వాత చీకటి పడ్డాక మెల్లిగా గూట్లోకి జార్చు. తెల్లారి కలిసి లేస్తే గొడవుండదు" అని మరీ మరీ చెప్పింది. దానయ్య "సరే, సరే" అన్నాడు. పన్నెండేళ్ళు మార్టూరులో గ్రానైటు రాయికి పాలిష్ పట్టి వచ్చినవాడాయె. తనకి తెలియనిదంటూ లోకంలో ఉందని అతను ఎన్నడూ ఒప్పుకోలేదు.

"పిల్లలెట్టా ఉన్నాయన్నా?" అంది పుల్లమ్మ.

"పిల్లలా? ఇంకా పిల్లలంటావేంటి? ముందు కూచో. టీ తాగు. చల్లారిపోద్ది."

"బాగున్నాయని ఒక్క ముక్క చెప్పు. తర్వాత తాగుతా."

"ఆ ముక్కకే వస్తున్నా గదా!" అని దానయ్య లుంగీ సర్దుకొని బల్ల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఇంక పొద్దుగూకాల్సిందే.

బల్లకి ఆ చివర రిటైరయిన లక్ష్మీనరసింహం మాస్టారు పేపరు చదువుకుంటున్నాడు. కల్లాల నుంచి మిరపకాయ టిక్కీల బస్తాలు తోలే ట్రాక్టరు డ్రైవరు సుభానీ బజ్జీ తింటున్నాడు. దానయ్య నోరు తెరవగానే మాస్టారు పేపరు దించాడు, సుభానీ ఇంకో బజ్జీ తీసుకున్నాడు. పుల్లమ్మ మాత్రం దానయ్య నోటిని కాదు, చేతుల్ని చూస్తోంది. రెండు ముంజేతుల మీదా ఎండిన గాట్లు. కోడి ముక్కు గాట్లు కాదు గదా అనుకుంది. మళ్ళీ, కాకపోతే ఇంకేంటివి అనీ అనుకుంది.

"పెద్ద గొప్పేం కాదులేండి మాస్టారూ" అని మొదలుపెట్టాడు దానయ్య. "కొత్త కోళ్ళని పాత కోళ్ళలో కలపాలంటే జనం పది రోజులు, పదిహేను రోజులు కిందా మీదా పడతారు. నేను ఒక్క పూటలో కలిపేశా. అంతే. చిన్న విషయం."

"వారం రోజులు గంప కింద ఉంచమన్నా గదన్నా" అంది పుల్లమ్మ.

"ఉంచా! నీ మాట తీసేస్తానా? పొద్దున్నించి టిఫిన్ల వేళ దాకా ఉంచా. వాటి మొహాలు చూస్తే జాలేసింది. మనుషులమే ఒకళ్ళింటికి చుట్టపుచూపుగా పోతే వారం రోజులు గంప కింద కూచోబెడితే ఊరుకుంటామా? తీసేశా. తీసేసరికి నా ఏడు పెట్టలూ పుంజూ వరసకట్టి నిలబడ్డాయి. మా బొల్లిపెట్ట ఉంది చూశారూ, వాటన్నిటికీ అదే పెద్ద. అది ముందుకొచ్చి ఒక్కో పిల్లనీ పైనించి కిందికి, కిందనించి పైకి చూసింది. ఆధార్ కార్డు తియ్యమన్నట్టు చూసింది మాస్టారూ, నా మీదొట్టు."

"కార్డులు చూపించినయ్యా?" అన్నాడు సుభానీ.

"నువ్వుండ్రా! చూసింది, మొదటి పిల్ల నెత్తి మీద టకీమని ఒకటి పొడిచింది. ఇది పొడిస్తే మిగతా ఆరూ ఊరుకుంటాయా? పిల్లలు దడి చుట్టూ పరుగో పరుగు. చూశాను. చూసి, ఓహో, మీకు ఇట్టా కాదనుకున్నా. అప్పుడు ఏం చేశానో తెలుసా?"

"ఏం చేశావు?" అంది సర్దార్‌బీ, టీ వడగడుతూ.

"మన గడ్డ మీద పుట్టిన మందు మన దగ్గరే ఉంటే ఇంకెక్కడికో పోవడమెందుకని, తేజ రకం ఎండుకాయలు రెండు గుప్పిళ్ళు రోట్లో వేశా. గింజల్తో సహా! నువ్వుల నూనె పోసి ముద్ద నూరా. ఒక్కో పిల్లనీ పట్టుకొని మెడ కాణ్ణించి తోక దాకా పట్టించా. తొమ్మిదీ ఎర్రగా, పెళ్ళికూతుళ్ళల్లే తయారైనయ్యి. ఇప్పుడు పొడవండే అని వదిలేశా. బొల్లిపెట్ట వచ్చింది. పొడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అందరూ ముందుకి వంగారు. దానయ్యకి కావాల్సింది అదే.

"ఒక్క గెంతు గెంతింది. ఆ గెంతుకి పోయి ఇంటి కప్పు మీద పడింది. కళ్ళెంట నీళ్ళు! కోడి ఏడవడం ఎప్పుడైనా చూశారా మీరు? నేను చూశా. అక్కణ్ణించి దూకి నీళ్ళ మూకుడులో మూతి పెట్టింది, ఖాళీ. దాని వెనక మిగతా ఆరూ. కుండలో నీళ్ళు ఖాళీ. గేదె తాగే కుడితి తొట్టి ఖాళీ. కుళాయి కింద వరసకట్టినయ్యి. ఒకటి ముక్కుతో కుళాయి తిప్పుద్ది, ఇంకోటి తాగుద్ది. గంట సేపు తాగినయ్యి మాస్టారూ. ఊరి ట్యాంకు మొత్తం దించేశాయి!"

సుభానీకి బజ్జీ గొంతుకడ్డం పడింది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ మధ్య రెండ్రోజులు మా ఇంట్లో నీళ్ళు రాని మాట నిజమేనయ్యా. కానీ మోటారు కాలిపోయిందని చెప్పారే?"

"పైకి అట్టానే చెప్తారండీ! కోళ్ళు తాగేశాయంటే పంచాయతీ పరువేం కాను?"

అందరూ నవ్వారు. సర్దార్‌బీ నవ్వితే చేతిలో గిన్నె కూడా నవ్వింది. పుల్లమ్మకి నవ్వు రాలేదు. ఇరవై రోజులు కాయ కోసిన చేతులు, ఎంత కొబ్బరినూనె రాసినా మంట పోవడం లేదు. వేడి గ్లాసు పట్టుకుంటే మరీ చురుక్కుమంటోంది. ఆ మంటలోనే ఆమెకి ఏదో తట్టబోయి ఆగింది. అన్నంలో రాయి పంటికింద పడినట్టు ఈ కథలో ఏదో తగిలింది. అదేంటో ఇంకా అందలేదు. ఒక్కటి మాత్రం బాగా తెలుస్తోంది. ఇంతసేపట్నించీ దానయ్య ఆమె మొహంలోకి చూడటం లేదు.

"సరే అన్నా. ఇప్పుడు తొమ్మిదీ దొడ్లోనే ఉన్నాయా? నేను పోయి చూసుకుంటా" అని లేచింది.

"అయ్యో, అసలు కథ ఇప్పుడు గదా మొదలు!" దానయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "కూచోమ్మా. ఆ దెబ్బతో నీ పిల్లలంటే నా కోళ్ళకి హడలు. మర్నాటి నుంచి బొల్లిపెట్ట గూట్లో పైమెట్టు ఖాళీ చేసి నీ పిల్లలకిచ్చి తాను కింద పడుకుంది. పుంజు తెల్లారి కూసేముందు నీ పిల్లల దగ్గరకొచ్చి, కూయమంటారా అని అడిగి కూస్తోంది. నూకలు చల్లితే ముందు అవి తినాలి, ఆ తర్వాతే ఇవి. ఆ తిండికి పెరిగినయ్యి చూడూ, వారం తిరిగేసరికి ఒక్కోటి ఇంతెత్తు!" అని తన మోకాలు చూపించి, చాలదనుకున్నాడేమో నడుం చూపించాడు. "కుక్కలు దడి పక్కన పోవాలంటే తోకలు ముడుచుకొని పోతున్నాయి. ఈ సంగతి ఎట్టా పొక్కిందో తెలియదు, ఒక రోజు తుళ్ళూరు నించి కారొచ్చింది."

"కారా?" అన్నాడు మాస్టారు.

"ఏసీ కారండీ. అక్కడ రాజధాని కోసం ఊళ్ళ భూములన్నీ కలిపేశారు గదా. భూములతో పాటు కోళ్ళూ కలిసిపోయినయ్యంట. పది ఊళ్ళ కోళ్ళు ఒకే చోట! ఏది ఎవరి దొడ్డో తేలక పొద్దున లేస్తే యుద్ధం. మీ దగ్గర ఇట్టాంటి కోడిపిల్లలున్నాయంట, రెండింటిని ఇప్పించండి, పెద్దమనుషులుగా పెట్టుకుంటామని కాళ్ళ మీద పడ్డారు. నేనా, ఎవరన్నా కష్టంలో ఉండి అడిగితే కాదనలేని మనిషిని."

పుల్లమ్మ రెండు వేళ్ళు మడిచింది.

"ఇచ్చేశావా?"

"రాజధానికి పంపించా చెల్లెమ్మా! ఇప్పుడు అక్కడ వాటికి సపరేటు షెడ్డు, ఫ్యాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్తపట్నం బెస్తోళ్ళొచ్చారు. అక్కడ ఎండుచేపల కాడ కోళ్ళకీ కాకులకీ పడటం లేదంట. ఒకదాన్ని తీసుకుపోయారు. అది కాకుల్ని తరమడంతో ఆగుద్దా? పడవెక్కి సముద్రం మీదికి పోయి, ఎక్కడ చేపలున్నాయో అక్కడ కొక్కొక్కో అంటోందంట. వీళ్ళు అక్కడ వలేస్తున్నారు. మొన్న వేసిన వల పైకి లాగడానికి ట్రాక్టరు కావాల్సొచ్చింది."

"నా ట్రాక్టరు అడగలేదే?" అన్నాడు సుభానీ.

"నీది సముద్రంలో నడవదులేరా."

పుల్లమ్మ మూడో వేలు మడిచింది. ఆమెకిప్పుడు భయం పోయి కోపమొస్తోంది. కోపం కూడా కాదు, ఏడుపు. కథ ఎంత పైకి పోతుంటే తన దొడ్డి అంత ఖాళీ అయిపోతోంది. వీళ్ళందరూ నవ్వుతున్నారు గానీ, దానయ్య ఒక్కో ఊరి పేరెత్తినప్పుడల్లా ఆమె గంపలోంచి ఒక్కో పిల్ల పోతోంది.

"మార్టూరుకి ఎన్ని పంపావన్నా?" అంది ఆమే ముందుగా.

దానయ్య లుంగీ మళ్ళీ సర్దుకున్నాడు. "రెండు" అన్నాడు. "నీకెట్టా తెలుసు?"

"నువ్వు పని చేసిన ఊరు గదా. వదిలిపెడతావా?"

"అదీ! మా పాత ఓనరు ఫోన్ చేశాడు. ఆ రెండింటి ముక్కు ఎంత గట్టిపడిందంటే, రాయిని గీకితే అద్దమే. మిషన్లు ఆపేసి వాటిచేతే పాలిష్..."

"ఆగన్నా" అంది పుల్లమ్మ. "రెండూ, ఒకటీ, రెండూ. అయిదు పోయినయ్యి. నాలుగున్నాయి. ఆ లెక్క అట్టా ఉంచు. నన్నొక్క మాట చెప్పనీ."

ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇందాక పంటికింద పడిన రాయి ఇప్పుడు చేతికి దొరికింది.

"ఇరవై రోజులు నేను కల్లం పక్కనే ఉన్నా. ఆ ఆసామికి కోళ్ళున్నాయి. పొద్దున్నించి సందేళ దాకా కల్లం మీదే తిరుగుతాయి. పగిలిన కాయ చీల్చుకొని గింజలు ఏరుకు తింటాయి. మేము ముక్కుకి గుడ్డ కట్టుకొని తుమ్మి తుమ్మి చస్తుంటే, అవి బఠాణీలు తిన్నట్టు తింటాయి. ఒక్క కోడన్నా నోరు మండి నీళ్ళకాడికి ఉరకడం నేను చూళ్ళేదు. సుభానీ, రోజూ కల్లాల్లో తిరుగుతావు గదా. నువ్వు చూశావా?"

సుభానీ నమలడం ఆపేశాడు. "లేదు పిన్నీ" అన్నాడు. "కాయ ఆరబోస్తే కోళ్ళని తోలడానికే ఒక మనిషిని పెడతారు."

"కోడికి కారం తెలియదన్నా. పన్నెండేళ్ళు నువ్వు రాళ్ళ మధ్య ఉండి మర్చిపోయావు. కారం తెలియని కోడికి, గింజల్తో నూరిన ముద్ద, నూనె వేసి మరీ, కళ్ళ ముందు ఎర్రగా కనపడితే ఏం చేస్తుంది? ఎరుపు చూస్తే ఊరుకునే కోడి ఉందా?" పుల్లమ్మ అతని చేతుల మీది గాట్ల వైపు వేలు చూపించింది. "నువ్వు నా పిల్లల్ని కాపాడలేదు. మసాలా పట్టించి నీ కోళ్ళకి వడ్డించావు."

నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహాన్ని మాస్టారు ఎక్కడ దాచుకోవాలో తెలియక పేపరు ఎత్తుకున్నాడు. సర్దార్‌బీ మాత్రం గరిటె చేత్తో పట్టుకొనే, "దానయ్యా, నిజమేనా?" అంది.

దానయ్య బాసింపట్టు విప్పి కాళ్ళు కిందికి దించాడు. మనిషి ఒక్కసారిగా పొట్టిగా కనిపించాడు.

"కారం పూసిన మాట నిజం" అన్నాడు. అంత చిన్న వాక్యం అతని నోట ఎవరూ విని ఉండరు. "మండుద్దనే అనుకున్నా. పూసి, దడి తలుపేసి చిలకలూరిపేట పోయా. పనుండి. మధ్యాహ్నానికి వచ్చా. మూడు అప్పటికే పోయినయ్యి. మిగతావాటిని నా కోళ్ళు ఇంకా పొడుస్తానే ఉన్నాయి. మధ్యలో చేతులు పెట్టి లాగా. రెండు ఆ తర్వాత పోయినయ్యి. మిగిలిన నాలుగు పిల్లలకీ పసుపు రాసి విడిగా గంప కింద పెట్టా. రోజూ నూకలు నానబెట్టి పెడతన్నా. చెప్దామనే అనుకున్నా చెల్లెమ్మా. నీ ఆటో కనపడేసరికి నోరు దాని దారిన అది పోయింది."

పుల్లమ్మకి ఇంక అక్కడ నిలబడాలనిపించలేదు. మూటెత్తుకొని దడి తలుపు తోసుకొని లోపలికి పోయింది. వెనకాలే దానయ్య, దానయ్య వెనక గరిటెతో సర్దార్‌బీ, ఆమె వెనక మాస్టారూ సుభానీ.

చూరు కింద గంప ఎత్తింది. నాలుగూ ఒకదాన్నొకటి ఒరుసుకొని ఉన్నాయి. వీపుల మీద ఈకల్లేవు, పసుపు కట్టిన చర్మం, అక్కడక్కడ కొత్త ఈకల ముళ్ళు. బక్కచిక్కినా తిండి తింటున్న పిల్లలేనని చూడగానే తెలుస్తోంది. పుల్లమ్మ ఒకదాన్ని ఎత్తి పొట్టకి అదుముకుంది. అది కిచకిచలాడింది. ఆమెకి అప్పటిదాకా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. ఎవరూ చూడకుండా కొంగుతో తుడుచుకోబోయి, చేతికున్న కారం గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకుంది.

దొడ్లో ఆ చివర బొల్లిపెట్ట మిగతావాటితో కలిసి మట్టి తవ్వుకుంటోంది. బాగా బలిసింది. దాని మొహాన పాపమూ లేదు, పుణ్యమూ లేదు.

"అయిదు" అంది పుల్లమ్మ దాన్నే చూస్తూ. "నావి పోయినవి అయిదు. నీ పెట్టల్లో అయిదు నా గంపలో పెట్టు."

"పుల్లమ్మా! అవి గుడ్లు పెట్టే పెట్టలు!"

"నావీ పెట్టేవే. బతికుంటే."

దానయ్య మాస్టారు వైపు చూశాడు. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "చూడు దానయ్యా, తుళ్ళూరు వాళ్ళు అడిగితే కాదనలేదు, కొత్తపట్నం వాళ్ళు అడిగితే కాదనలేదు. కష్టంలో ఉన్నవాళ్ళు అడిగితే ఇచ్చే మనిషినని ఇప్పుడే మా అందరి ముందూ చెప్పావయ్యా. సొంత ఊరి ఆడబిడ్డ అడిగితే కాదంటావా?"

"ఇచ్చెయ్" అంది సర్దార్‌బీ. "లేకపోతే రేపట్నించి ఆ బల్ల మీద నీకు చోటు లేదు."

కోళ్ళు పోతాయన్నప్పుడు తెల్లబోయిన దానయ్య మొహం, బల్ల పోతుందనేసరికి పూర్తిగా వాడిపోయింది. వంగి, "బా బా బా" అంటూ నూకలు చల్లి, ఒక్కోదాన్నీ పట్టి రెక్కలు ముడిచి ఇచ్చాడు. నాలుగు ఇచ్చాక, అయిదోదిగా ఏదో కుంటి పెట్ట వైపు చెయ్యి చాచబోయాడు.

"అది కాదు" అంది పుల్లమ్మ. "బొల్లిది."

"అదొక్కటీ వదిలెయ్ చెల్లెమ్మా. నా చేతుల్లో పెరిగింది. పైగా అదెళ్ళి నీ నాలుగింటినీ మళ్ళీ పొడిస్తే?"

"పొడవనీ చూద్దాం. అక్కడ ఇల్లు నాది. నా పిల్లలే పాతవి, ఇదే కొత్తది."

బొల్లిపెట్టని దానయ్య తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా దాని మెడ మీంచి చెయ్యి వెంటనే తియ్యలేకపోయాడు. సుభానీ పిల్లల గంపా పెట్టల గంపా అందుకొని ఆమె వెంట నడవడానికి సిద్ధమయ్యాడు. దడి తలుపు దాకా వచ్చాక దానయ్య మెల్లిగా అన్నాడు:

"జెస్సీకి భయం లేదులే పుల్లమ్మా. వేరేవాటి సంగతేమో గానీ, ఆ బొల్లిది ఒక్క రోజు కూడా తప్పదు. రేపు పొద్దున్నే గుడ్డు పెడుతుంది చూడు."

పుల్లమ్మ ఆగి అతని మొహంలోకి చూసింది. ఆ సాయంత్రం మొదటిసారి అతను చూపు తిప్పుకోలేదు. అయినా ఆమెకి నమ్మకం కుదర్లేదు. చంకలో బరువుగా వెచ్చగా ఉన్న కోడిని సర్దుకొని, ఆకాశం వైపు తలెత్తింది.

"ప్రభువా, ఇవ్వాళ ఈ మనిషి నోట ఎన్నో మాటలు విన్నావు. ఈ ఒక్కటన్నా నిజం చెయ్యి తండ్రీ."